సీమ ఇంట్లో స్నూకర్ గది: ఎండకన్నా ముసురుకే ఎక్కువ కాచుకోవాలి

కర్నూలు, అనంతపురం, కడప వైపు ఇంట్లో స్నూకర్ టేబుల్ వేయించుకునేవాళ్లు ముందుగా అడిగేది "ఎన్ని టన్నుల ఏసీ కావాలి?" అనే. మే నెల వడగాలి తగిలినవాళ్లకు ఆ ఆలోచన రావడం సహజమే. ఎండాకాలంలో ఆటగాడికి కష్టంగా ఉంటుంది గానీ టేబుల్‌కు పెద్దగా నష్టం లేదు. టేబుల్‌ను దెబ్బతీసేది ఆగస్టు నుంచి నవంబరు దాకా ఉండే ఉక్క. కాబట్టి గదికి పెట్టే ఖర్చు, తీసుకునే జాగ్రత్త ఆ నాలుగు నెలలను దృష్టిలో పెట్టుకుని మొదలుపెట్టాలి.

మంచి స్నూకర్ క్లాత్ (టేబుల్ మీద బిగించే బట్ట) ఊలుతో నేసింది. ఊలు తన బరువులో దాదాపు 30 శాతం దాకా తేమ పీల్చుకున్నా చేతికి తడి తెలియదు. ఆటలో మాత్రం వెంటనే తెలుస్తుంది. బంతి బరువెక్కినట్టు దొర్లుతుంది, కుషన్ (టేబుల్ అంచు వెంబడి ఉండే రబ్బరు గట్టు) తగిలి వచ్చేటప్పుడు కోణం మారుతుంది, బిగించిన క్లాత్ వదులై పాకెట్ల దగ్గర సన్నని ముడతలు లేస్తాయి. గాలి మరీ పొడిగా ఉంటే ఇంకో రకం తంటా. స్టాటిక్ పుట్టి సుద్దపొడి, దుమ్ము బంతులకు అంటుకుంటాయి, బంతికి బంతి సరిగా తగలక 'కిక్'లు పెరుగుతాయి. క్యూ కర్ర వంగడానికీ ఈ హెచ్చుతగ్గులే కారణం.

పెట్టుకోవలసిన లక్ష్యం: 22 నుంచి 25 డిగ్రీలు, తేమ 45 నుంచి 55 శాతం. ఈ హద్దుల్లో ఏ అంకె దగ్గర ఉన్నా ఫరవాలేదు, అక్కడే నిలకడగా ఉండాలి. రోజు మొత్తంలో వేడి 3 డిగ్రీలు, తేమ 10 శాతం మించి ఊగకపోతే గది అదుపులో ఉన్నట్టే. ఆడేటప్పుడు 20 డిగ్రీలు, మిగతా రోజంతా 36 డిగ్రీలు అన్నట్టు నడిపే గదికన్నా, ఎప్పుడూ 27 దగ్గర ఉండే గదే టేబుల్‌కు మేలు.

బయట తేమ ఒకటి, లోపల తేమ ఒకటి

ఫోనులో కనిపించే తేమ శాతాన్ని చూసి నిర్ణయాలు తీసుకుంటే తప్పుదారి పడతారు. ఆ శాతం ఆ వేడికి సంబంధించింది. అదే గాలిని చల్లబరిస్తే, అందులో నీరు అంతే ఉన్నా, శాతం పెరుగుతుంది.

కర్నూలులో మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలు, 20 శాతం తేమ ఉందనుకోండి. ఘనమీటరు గాలిలో సుమారు 11 గ్రాముల నీరు ఉన్నట్టు. ఆ గాలి గదిలోకి వచ్చి 25 డిగ్రీలకు చల్లబడితే తేమ దాదాపు 50 శాతం అవుతుంది. సరిగ్గా మనకు కావలసినంత! ఏసీ కాస్త నీరు లాగేసినా 40, 45 దగ్గర ఆగుతుంది. మార్చి మొదట్లో 36 డిగ్రీలు, 20 శాతం ఉంటే లోపల 36 శాతమే తేలుతుంది, అది కాస్త పొడి. డిసెంబరు తెల్లవారుజామున 18 డిగ్రీలు, 75 శాతం ఉన్న గాలి 24 డిగ్రీల గదిలో 53 శాతానికి దిగుతుంది, ఏమీ చేయనక్కర్లేదు.

ఇక ఆగస్టు సాయంత్రం చూడండి. 30 డిగ్రీలు, 72 శాతం. పెద్ద ఎండ కాదు, హాయిగానే ఉంది. కానీ ఆ గాలిలో ఘనమీటరుకు 22 గ్రాముల నీరుంది. 25 డిగ్రీలకు చల్లబరిస్తే తేమ 95 శాతం! అందుకే వానాకాలంలో సగం నీటిని బయటికి తోడెయ్యకుండా గదిని కేవలం చల్లబరచడం టేబుల్‌కు మంచికన్నా చెడే చేస్తుంది.

ఊళ్ల మధ్య తేడా కూడా ఉంది. అనంతపురం ఎత్తు మీద ఉంది, వానలు తక్కువ, రాత్రులు త్వరగా చల్లబడతాయి. అక్కడ దుమ్ము గాలే పెద్ద సమస్య. కడపకు మూడువైపులా కొండలు, రాత్రి కూడా ఉక్క వదలదు. పైగా అక్టోబరు, నవంబరులో బంగాళాఖాతంలో వాయుగుండం పడితే రోజుల తరబడి ముసురు. కర్నూలు ఈ రెంటికీ మధ్యలో.

కొలవడం

డిజిటల్ హైగ్రోమీటర్లు (తేమ కొలిచే మీటర్లు) రెండు కొనండి. ఒకటి టేబుల్ ఎత్తులో, టేబుల్ కాలు పక్కన స్టూలు మీదో గోడ అరమీదో ఉండాలి. ఇంకొకటి టేబుల్ కింద, స్లేటుకు (క్లాత్ కింద ఉండే రాతి పలకకు) అరచేయంత దిగువన వేలాడదీయండి. ఏసీ రిమోటు చూపించే అంకె సీలింగ్ దగ్గరి గాలిది లేదా మీరు పెట్టుకున్న సెట్టింగుది, దాంతో టేబుల్‌కు సంబంధం లేదు.

చవక మీటర్లు 5 నుంచి 8 శాతం తప్పు చూపించడం మామూలే. ఇంట్లోనే సరిచూడొచ్చు. సీసా మూతలో ఒక చెంచా వంట ఉప్పు వేసి, ఇసుక తడిసినట్టు అయ్యేంత వరకు నీటి చుక్కలు కలపండి. ఉప్పు కరిగిపోకూడదు. మూతనూ మీటరునూ ఒకదానికొకటి తగలకుండా జిప్ కవరులో పెట్టి మూసి, 12 గంటలు కదపకుండా ఉంచండి. మామూలు గది వేడిలో ఆ కవరులో తేమ 75 శాతం ఉంటుంది. మీటరు 70 చూపిస్తే దాని లెక్కకు ఎప్పుడూ 5 కలుపుకోవాలి. ఆ తేడాను మీటరు వెనకాల స్కెచ్ పెన్నుతో రాసుకోండి.

ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఒకటి ఉంటే క్లాత్ మీద వేడి కూడా తెలుస్తుంది. వానాకాలంలో ఇది చాలా పని చేస్తుంది, ఎందుకో కింద చెప్తాం.

గది

పూర్తి సైజు టేబుల్‌కు 22 అడుగులు, 16 అడుగుల గది కావాలి. పది అడుగుల ఎత్తుతో అందులో 100 ఘనమీటర్ల గాలి ఉంటుంది. ఈ 100 గుర్తుంచుకోండి, లెక్కలన్నీ సులువవుతాయి. 25 డిగ్రీలు, 50 శాతం దగ్గర ఆ గది గాలి మొత్తంలో ఉన్న నీరు లీటరు పైచిలుకు మాత్రమే. తడిగుడ్డతో నేల తుడిచి అర లీటరు ఆవిరి కానిస్తే తేమ ఒక్కసారి 20 శాతం పెరుగుతుంది. కాబట్టి వాక్యూమ్ క్లీనరో పొడి మాపో వాడండి, తప్పకపోతే బాగా పిండిన గుడ్డతో పొద్దున్నే తుడిపించండి. నలుగురు మూడు గంటలు ఆడితే వాళ్ల ఊపిరి, చెమటల ద్వారా కూడా ముప్పావు లీటరు దాకా గాలిలో కలుస్తుంది.

వీలుంటే కింది అంతస్తు. టేబుల్ బరువు టన్నుంపావు దాటుతుంది, అందులో స్లేటుదే దాదాపు 800 కిలోలు. బరువు సంగతి అటుంచినా, పై అంతస్తు కాంక్రీటు మిద్దె పగలంతా ఎండను తాగి సాయంత్రం ఆరు నుంచి పది మధ్య లోపలికి వదులుతుంది. మనం ఆడేది కూడా అప్పుడే. పైన తప్పదనుకుంటే ఏసీ కొనకముందు మిద్దె పని చేయించండి. మార్చి రాకముందే మిద్దె కడిగించి తెల్ల కూల్ రూఫ్ పెయింటు రెండు కోట్లు వేయించాలి, లేదా సున్నం కొట్టించాలి. మన దుమ్ముకు తెలుపు ఏడాదిలో మాసిపోతుంది, ఏటా కడగాల్సిందే. లోపల జిప్సం ఫాల్స్ సీలింగ్ వేసి, దానిపైన 50 మిల్లీమీటర్ల రాక్‌వూల్ (వేడిని ఆపే రాతి దూది) పరిపించండి. ఈ రెండూ చేస్తే ఏసీ పరిమాణం తగ్గించుకోవచ్చు. పాత మట్టిమిద్దె ఇళ్లు చల్లగా ఉంటాయి నిజమే గానీ, పైనుంచి మట్టి రాలని మట్టిమిద్దె అరుదు. అలాంటి గదిలో ఫాల్స్ సీలింగ్ లేకుండా క్లాత్ వేయించకండి.

నేల కడప బండలదో, బేతంచెర్ల బండలదో అయితే బండ సందుల్లోంచి నేల చెమ్మ పైకి వస్తోందేమో చూడాలి. రెండడుగుల ప్లాస్టిక్ షీటును నాలుగు వైపులా టేపుతో అంటించి రెండు రోజులు వదలండి. షీటు అడుగున చెమ్మ పడితే నీరు నేలలోంచి వస్తున్నట్టు, సందులను ఎపాక్సీతో నింపించాలి. షీటు పైన పడితే గదిలోని గాలి నీరే చల్లని నేల మీద చేరుతోంది, దానికి మందు వేరే.

పడమటి కిటికీ ఉంటే మూసేసి, ముదురు కర్టెన్ వేయండి. ఎండ నేరుగా పడిన చోట క్లాత్ రంగు వెలిసిపోవడమే కాదు, ఆ పక్క కుషన్ రబ్బరు వేడెక్కి మిగతా కుషన్లకన్నా జోరుగా బంతిని తిప్పికొడుతుంది. తలుపు, కిటికీ అంచులకు రబ్బరు స్ట్రిప్పులు, తలుపు అడుగున బ్రష్ పట్టీ బిగించండి. వందల రూపాయల్లో అయ్యే పని ఇది. దీన్ని వదిలేసి వేల రూపాయల డీహ్యూమిడిఫయర్ (గాలిలోని తేమ లాగే మిషన్) కొంటే అది వీధిలోని గాలిని ఆరబెడుతూ కూర్చుంటుంది.

కూలర్ మాట ఎత్తవద్దు

మన ఎండలకు కూలర్ బాగా పనిచేస్తుంది. 42 డిగ్రీల పొడిగాలిని 27కి దించగలదు. దించేది నీటిని ఆవిరి చేసి కాబట్టి బయటికొచ్చే గాలిలో తేమ 75 శాతం ఉంటుంది. వేసవిలో ఉన్న మేలల్లా గాలి పొడిగా ఉండటం, కూలర్ పెడితే దాన్నే పోగొట్టుకుంటాం. పక్క హాల్లో కూలర్ ఉన్నా స్నూకర్ గది తలుపు మూసే ఉండాలి.

ఏసీ

ఈ సైజు గదికి రెండు టన్నులకు పైగానే కావాలి. ఒకే పెద్దది పెట్టే బదులు ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ స్ప్లిట్లు రెండు పెట్టించండి. మేలో రెండూ నడుస్తాయి. ఆగస్టులో ఒకటే నడపాలి. ఎందుకంటే అవసరానికి మించిన ఏసీ గదిని పది నిమిషాల్లో చల్లబరిచి కంప్రెసర్ ఆపేస్తుంది, నీరు లాగే సమయమే దొరకదు. ఆగిన తర్వాత కూడా ఫ్యాను తిరుగుతుంటే కాయిల్ (ఏసీ లోపలి చల్లని గొట్టాలు) మీద పట్టిన నీరంతా మళ్లీ గదిలోకే ఆవిరవుతుంది. ఒకటే యూనిట్ ఎక్కువసేపు ఆగకుండా నడిస్తే ఆ బాధ ఉండదు. ఒకటి చెడిపోతే ఇంకొకటి ఉండనే ఉంటుంది.

ఎక్కడ బిగించాలన్నది ముఖ్యం. టేబుల్‌కు అటూ ఇటూ అయిదేసి అడుగుల నడవలు మిగులుతాయి కదా. పొట్టి గోడల మీద, ఎదురెదురు మూలల్లో ఒక్కోటి పెట్టించండి. ఒకటి ఒక నడవ పొడుగునా, రెండోది రెండో నడవ పొడుగునా గాలి తోలుతుంది. గాలి టేబుల్ చుట్టూ తిరుగుతుంది గానీ మీద పడదు. మధ్యలో పెట్టి క్లాత్ మీదికి తోలితే ఆ వైపు కుషన్ చల్లబడి మందగిస్తుంది, అవతలిది మామూలుగా ఉంటుంది. లూవర్లు (గాలి దిశ తిప్పే రెక్కలు) అడ్డంగా నిలపండి, స్వింగ్ వద్దు.

సెట్టింగు 24 లేదా 25. ఏసీ చల్లదనం సరిపోలేదని 18కి దించడం మానుకోండి, నష్టం కింద చూస్తారు. నీళ్ల గొట్టం కింద బకెట్ పెట్టి వానాకాలంలో అప్పుడప్పుడు చూడండి. మొదటి గంటలో ఏమీ పడకపోతే ఫిల్టర్ దుమ్ముతో నిండిందనో, గ్యాసు తగ్గిందనో అర్థం. అనంతపురం గాలుల రోజుల్లో ఫిల్టర్ వారానికోసారి కడగాలి. స్టెబిలైజర్ తప్పనిసరి. కరెంటు పోతే తలుపులు తెరవకండి. అంత స్లేటు చల్లదనం రెండు మూడు గంటలు నిలుపుతుంది.

వానాకాలం

మొదట జరిగే ప్రమాదం ఇది. సాయంత్రమంతా ఏసీ 20లో నడిపి, ఆట అయ్యాక ఆపేసి, "గాలి మారుతుంది" అని కిటికీలు బార్లా తీస్తారు. బయట 30 డిగ్రీలు, 75 శాతం. ఆ గాలికి 25 డిగ్రీలకన్నా చల్లగా ఉన్నది ఏది తగిలినా నీరు పడుతుంది. స్లేటు 22లో ఉంది. ఐసు నీళ్ల గ్లాసుకు పట్టినట్టు స్లేటుకు చెమట పడుతుంది, అదంతా క్లాత్ కింది నుంచి పీల్చుకుంటుంది. పైన చూస్తే పొడిగానే ఉంటుంది. మరునాడు బంతి కదలదు, నెలలో క్లాత్ వదులవుతుంది, స్లేటు కింది చెక్కకు బూజు పడుతుంది. ఆట అయ్యాక తలుపులు మూసే ఉంచండి. ఏసీ ఆపడానికి గంట ముందు సెట్టింగు 27కి పెంచి, డ్రై మోడ్‌లో (ముఖ్యంగా తేమ లాగే పద్ధతిలో) వదలండి. తలుపు తీయక తప్పకపోతే ముందు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో క్లాత్ వేడి చూసుకోండి. అది 26కు పైనుంటేనే తెరవండి.

వానాకాలంలో ఏసీని డ్రై మోడ్‌లో, తక్కువ ఫ్యాను వేగంతో నడపండి. కాయిల్ బాగా చల్లబడితేనే నీరు ఎక్కువ పడుతుంది. ఇలా నడిపినా లోపలి మీటరు 60 దాటుతుంటే డీహ్యూమిడిఫయర్ కావాలి. కొనేటప్పుడు డబ్బా మీద రాసిన లీటర్లు నమ్మకండి. అవి సాధారణంగా 30 డిగ్రీలు, 80 శాతం తేమలో రోజుకు లాగే నీరు. మనం ఉంచుకునే 25 డిగ్రీలు, 50 శాతంలో అందులో సగం లాగితే గొప్ప. సందులు మూసిన గదికి 25 నుంచి 30 లీటర్ల మిషన్ సరిపోతుంది. కంప్రెసర్ రకమే తీసుకోండి, మన చలికాలానికి దానికేమీ ఇబ్బంది లేదు. బకెట్ మీద ఆధారపడకుండా సన్న గొట్టం బయటికి తీయండి. బకెట్ నిండిన రాత్రి మిషన్ దానంతట అదే ఆగిపోతుంది, మీకు తెల్లారేదాకా తెలియదు. 50లో పెట్టి, టేబుల్‌కు నాలుగడుగుల దూరంలో ఉంచండి. అది విడిచే గాలి వేడిగా ఉంటుంది, కుషన్‌కు తగలకూడదు.

వానాకాలంలో పనికొచ్చే ఇంకో సాధనం స్లేటు హీటర్. టోర్నమెంట్ టేబుళ్లకు అడుగున హీటర్లు ఉంటాయని విని చాలామంది "ఈ ఎండల్లో హీటరా!" అని నవ్వుతారు. హీటర్ పని క్లాత్‌ను ఆరబెట్టడం. గది 25 డిగ్రీలు, 60 శాతంలో ఉన్నా, క్లాత్ 30 డిగ్రీలు ఉంటే దాన్ని ఆనుకున్న గాలిలో తేమ 45 శాతమే ఉంటుంది. ఇది మార్చిలో అక్కర్లేదు. ఆగస్టు నుంచి నవంబరు దాకా స్లేటును గదికన్నా 4, 5 డిగ్రీలు పైన ఉంచితే చాలు. అంతకన్నా పెంచితే కింది చెక్క ఎండిపోయి లెవెల్ కదులుతుంది. స్లేటు నెమ్మదిగా వేడెక్కుతుంది, కాబట్టి ఆటకు అరగంట ముందు వేస్తే లాభం లేదు. ముందు రాత్రి వేయాలి, ముసురు రోజుల్లో అసలు ఆపకూడదు. దానికి విడిగా ఎంసీబీ (కరెంటు మితిమీరితే ఆపే స్విచ్), 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపే స్విచ్), సరైన ఎర్త్ ఉండాలి. చెక్క కింద వైరింగు కదా, ఇక్కడ పొదుపు చేయకండి.

పొడి రోజులు

ఫిబ్రవరి, మార్చిలోనూ, మే నెల తీవ్ర వడగాలిలోనూ లోపలి తేమ 35కు దిగొచ్చు. అప్పుడు గంటకు 300 మిల్లీలీటర్ల చిన్న హ్యూమిడిఫయర్ (గాలికి తేమ కలిపే మిషన్) చాలు. ఒక్క హెచ్చరిక: అల్ట్రాసోనిక్ రకంలో బోరు నీళ్లు పోయకండి. మన బోరు నీళ్లలోని ఉప్పు, సున్నం పొగమంచుతో పాటు లేచి క్లాత్ మీద తెల్లపొడిగా రాలుతుంది. ఆర్‌ఓ నీళ్లే పోయాలి. వత్తి రకం అయితే ఈ బాధ లేదు, కాకపోతే వత్తి గట్టిపడుతుంది, మార్చుకుంటూ ఉండాలి. తేమ 45 తాకగానే ఆపేయండి.

గది సరిగా ఉందా అని టేబుల్‌నే అడగడం

మీటరు గాలి సంగతి చెప్తుంది, క్లాత్ సంగతి కాదు. అడుగు పొడుగు అల్యూమినియం యాంగిల్ ముక్కను ఒక చెక్కదిమ్మకు ఏటవాలుగా బిగించండి. బాల్క్ లైన్ (టేబుల్ ఒక చివర ఉండే అడ్డగీత) దగ్గర ఎప్పుడూ ఒకే చోట పెట్టి, ఒకే బంతిని పై అంచు నుంచి వదలండి, నూగు (క్లాత్ మీది పీచు) వాలిన దిశలో బ్లాక్ స్పాట్ (అవతలి చివర నల్ల బంతి పెట్టే చుక్క) వైపు. ఎక్కడ ఆగిందో టేపుతో కొలిచి, పక్కన తేమ, వేడి రాసుకోండి. వారానికోసారి చేస్తే రెండు నెలల్లో మీ గదికి ఏ అంకెలు పడతాయో మీకే తెలుస్తుంది. దూరం తగ్గుతూ ఉంటే మీటరు 50 చూపిస్తున్నా క్లాత్‌లో చెమ్మ ఉన్నట్టే. అప్పుడు బ్రష్ చేసి, ఇస్త్రీ చేయాలి. ఇస్త్రీ పెట్టెను ముందు న్యూస్‌పేపర్ మీద పెట్టి చూడండి. కాగితం రంగు మారితే వేడి ఎక్కువ. బాల్క్ నుంచి బ్లాక్ వైపు ఒకే దిశలో, ఎక్కడా ఆగకుండా తీసుకెళ్లాలి.

కొత్త క్లాత్ బిగించే రోజు కూడా ఇక్కడిదే లెక్క. క్లాత్ చుట్టను రెండు రోజుల ముందే విప్పి గదిలో ఉంచి, గదిని మామూలు అంకెల్లో నడపండి. గాలి బాగా పొడిగా ఉన్న వేసవిలో తేమ చూసుకోకుండా బిగించిన క్లాత్ సెప్టెంబరులో వదులవుతుంది. లెవెల్ చూసుకోవడం జూన్ చివర ఒకసారి, డిసెంబరులో ఒకసారి చాలు. కాలం మారిన వెంటనే వద్దు, గది రెండు వారాలు నిలకడగా ఉన్నాక చూడండి. క్యూలను గోడ స్టాండులో ఏసీ గాలికి ఎదురుగా పెట్టవద్దు, ఎండలో నిలిపిన కారులో అసలే వద్దు.

పండక్కో పెళ్లికో పది రోజులు ఊరెళ్తుంటే ప్లాస్టిక్ కవర్ కప్పకండి, లోపలి చెమ్మ లోపలే ఉండిపోతుంది. పలచని నూలు దుప్పటి కప్పండి. వేసవి అయితే ఏసీ ఆపేసి, కర్టెన్లు వేసి తలుపులు మూసేయొచ్చు. వానాకాలం అయితే ఏసీ ఆపేసినా, డీహ్యూమిడిఫయర్‌ను 55లో పెట్టి, గొట్టం నీళ్లు బయట పడుతున్నాయో లేదో చూసుకుని వెళ్లండి. తిరిగొచ్చిన రోజు ఏసీని ఒకేసారి 24లో పెట్టకండి. ముందు డ్రై మోడ్‌లో మూడు గంటలు నడిపి, టేబుల్ కింది మీటరు 55కు దిగాక చల్లబరచండి.